పోలండ్‌కు కలిసొచ్చిన విదేశీ సాయం రష్యాకు ఎందుకు కలిసిరాలేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: 1989 తర్వాత కమ్యూనిస్టు పాలన పోయిన దేశాలకు పశ్చిమ దేశాలు కోట్ల డాలర్లు ఇచ్చాయి. పోలండ్ నిలదొక్కుకుంది, రష్యా తిరిగి ఒక్కరి చేతికి వెళ్ళింది, ఉక్రెయిన్ ఏళ్ళ తరబడి ఊగిసలాడింది. మరి ఆ సాయం పనిచేసినట్టా, చేయనట్టా? డబ్బిచ్చి ఒక దేశంలో ప్రజాస్వామ్యాన్ని, స్వేచ్ఛా మార్కెట్‌ను నెలకొల్పవచ్చా?

సూటిగా చెబుతాను. నెలకొల్పలేరు. మారాలని ఒక దేశం తనంతట తాను నిశ్చయించుకున్నాక మాత్రం, వేళకు అందిన సాయం ఆ దేశాన్ని పడిపోకుండా నిలబెట్టగలదు. పోలండ్‌లో జరిగింది అదే. రష్యాకు సాయం ఆలస్యంగా, ఎక్కువగా అప్పు రూపంలో వచ్చింది. సంస్థలను నిలబెట్టాల్సింది పోయి కొద్దిమంది మనుషులకు అండగా నిలిచింది. ఉక్రెయిన్ కథ ఈ రెంటికీ మధ్యది. నాకు దగ్గరగా తెలిసింది అదే కాబట్టి దాని గురించి ఎక్కువ రాస్తాను.

నేను 1980లలో సోవియట్ స్కాలర్‌షిప్ మీద కీవ్ వెళ్ళి ఆర్థికశాస్త్రం చదువుకున్నాను. ఆ దేశం విడిపోయాక అక్కడే ఉండిపోయి, పశ్చిమ దేశాల నిధులతో నడిచిన ప్రాజెక్టుల్లో మొదట దుబాసీగా, తర్వాత పనుల పరిశీలకుడిగా పదిహేనేళ్ళకు పైగా చేశాను. పోలండ్ చాలాసార్లు వెళ్ళివచ్చాను. రష్యా గురించి నేను చెప్పేది అందరికీ అందుబాటులో ఉన్న లెక్కల నుంచే.

ముందు ‘సాయం’ అనే మాట దగ్గర ఒక అపోహ తొలగాలి. చాలామంది మనసులో ఉన్నది మార్షల్ ప్లాన్. 1948 నుంచి 1951 వరకు అమెరికా పశ్చిమ ఐరోపాకు సుమారు 1,300 కోట్ల డాలర్లు ఇచ్చింది. అందులో అత్యధిక భాగం తిరిగి చెల్లించనక్కరలేని గ్రాంటు. 1990లలో తూర్పు దేశాలకు వచ్చింది అలాంటిది కాదు. 1992 ఏప్రిల్‌లో రష్యాకు 2,400 కోట్ల డాలర్ల ప్యాకేజీ అని అట్టహాసంగా ప్రకటించారు. విడదీసి చూస్తే అందులో పెద్ద వాటా అప్పులే. ఇచ్చే దేశం నుంచే ధాన్యమో యంత్రాలో కొనుక్కోవడానికి ఇచ్చిన ఎగుమతి రుణాలు వాటిలో చాలా ఉన్నాయి. రూబుల్‌ను నిలబెట్టడానికని చెప్పిన 600 కోట్ల డాలర్ల నిధి రానే లేదు. పత్రికల్లో వచ్చిన అంకెకూ చేతికందిన సొమ్ముకూ మధ్య ఉన్న ఈ దూరమే తర్వాత చాలా చేటు చేసింది. రష్యాలో మామూలు మనిషి ‘అమెరికా ఇన్ని కోట్లిచ్చింది, ఎవరు తిన్నారు?’ అని అడగసాగాడు. ఇచ్చిన దేశాల్లోని పౌరుడు ‘ఇన్ని కోట్లిచ్చినా బాగుపడలేదు’ అన్నాడు. ఇద్దరూ లేని డబ్బు గురించే మాట్లాడుకున్నారు.

ఇప్పుడు ఇదే విషయంలో పోలండ్‌ను చూడండి. 1990 జనవరి 1న ఆర్థికమంత్రి బాల్త్సెరోవిచ్ ధరల మీద నియంత్రణలు చాలావరకు ఎత్తేసి, పోలండ్ కరెన్సీ జ్లోటీని డాలరుకు 9,500 దగ్గర నిలబెట్టారు. ఆ జనవరి ఒక్క నెలలోనే ధరలు 80 శాతం దాకా పెరిగాయి. అలాంటి సమయంలో ఆ మారకపు రేటు నిలుస్తుందని ఎవరు నమ్ముతారు? నమ్మారు. పశ్చిమ దేశాలు కలిసి వేసిన 100 కోట్ల డాలర్ల స్థిరీకరణ నిధి ముందే సిద్ధంగా ఉండడం దానికి ఒక పెద్ద కారణం. జ్లోటీని కాపాడుకోవడానికి ఆ నిధిని ముట్టుకోవాల్సిన అవసరమే రాలేదు. వెనక పెద్దదిక్కు ఉందని తెలిస్తే జనం దాచుకున్నది పట్టుకుని డాలర్ల కోసం పరుగెత్తరు. వాడకుండానే పనిచేసిన డబ్బు అది. పోలండ్‌కు 100 కోట్లు వేళకు అందాయి. రష్యాకు అంతకు ఆరింతలు ఇస్తామని చెప్పిన నిధిలో ఏమీ చేతికందలేదు. ఈ ఒక్క పోలికే మీ ప్రశ్నకు సగం జవాబు.

రెండోది అప్పుల మాఫీ. 1991 ఏప్రిల్‌లో పారిస్ క్లబ్ (ఇతర దేశాలకు అప్పులిచ్చిన ప్రభుత్వాల బృందం) దేశాలు తమకు పోలండ్ బాకీపడిన సుమారు 3,300 కోట్ల డాలర్లలో సగం తగ్గించడానికి ఒప్పుకున్నాయి. అప్పు ఉన్న రైతుకు కొత్త అప్పు ఇవ్వడానికీ, పాత అప్పులో సగం కొట్టేయడానికీ తేడా మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. పైగా ఆ మాఫీని విడతలుగా, సంస్కరణలు సాగుతున్నాయా లేదా అని చూస్తూ అమలుచేశారు. రష్యాకు ఇందుకు విరుద్ధంగా జరిగింది. సోవియట్ యూనియన్ కూలిపోతున్న నెలల్లో సంపన్న దేశాల మొదటి పట్టుదల, పాత అప్పులకు ఎవరు పూచీ పడతారో తేల్చమన్నది. పునాది వేయాల్సిన రోజుల్లో వసూళ్ళ లెక్కలు తీశారు. అది పెద్ద తప్పని నేను ఇప్పటికీ అనుకుంటాను.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది, చిన్న సాయం. 1990 మే 27న పోలండ్‌లో స్థానిక సంస్థలకు స్వేచ్ఛగా ఎన్నికలు జరిగాయి. సుమారు 2,400 గ్మీనాలకు (మన మండలంలాంటి పరిపాలనా విభాగం) ఒక్కసారిగా ఎన్నికైన సభ్యులు వచ్చారు. వారిలో చాలామందికి బడ్జెట్ అంటే ఏమిటో తెలియదు. యెజీ రెగూల్‌స్కీ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు స్థానిక ప్రజాస్వామ్యం కోసం ఒక ఫౌండేషన్ పెట్టి, విదేశీ నిధులతో ఊరూరా శిక్షణ కేంద్రాలు నడిపారు. ఏం నేర్పాలో నిర్ణయించింది పోలిష్ వాళ్ళే. బయటి నుంచి వచ్చింది డబ్బు, కొందరు నిపుణులు.

దాని ఫలితం ఎలా ఉంటుందో నేను 1990ల చివర్లో చూశాను. ఉక్రెయిన్ గ్రామ మండళ్ళ అధ్యక్షులు పన్నెండుమందిని తూర్పు పోలండ్‌లోని ఒక గ్మీనా కార్యాలయానికి తీసుకువెళ్ళాం. లోపల రెండు గంటలు ఉపన్యాసం సాగింది. ఒక్కరూ ఒక్క మాట రాసుకోలేదు. బయటికి వస్తుంటే నడవలో నోటీసు బోర్డు మీద ఆ ఏటి ఖర్చులు అంటించి ఉన్నాయి: వీధి దీపాలకు ఇంత, మంచు తీయడానికి ఇంత, బడికి బొగ్గు ఇంత. మావాళ్ళలో ఒక పెద్దాయన అక్కడ ఆగి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఆ అంకెలన్నీ ఎక్కించుకున్నాడు. ‘ఇది ఇక్కడ పెట్టడానికి మీకు అనుమతి ఎవరిచ్చారు?’ అని అక్కడి ఉద్యోగినిని అడిగాడు. నేను అనువదించాను. ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. ‘పెట్టకపోతే జనం లోపలికొచ్చి అడుగుతారండీ’ అంది. తిరుగు ప్రయాణంలో బస్సంతా ఆ బోర్డు గురించే మాట్లాడుకున్నారు.

ఇక నిపుణుల సంగతి. వార్సాలో మారియట్ హోటల్లో దిగి, నాలుగు సమావేశాలు జరిపి, నివేదిక రాసి వెళ్ళిపోయే పశ్చిమ దేశాల సలహాదారులకు పోలిష్ వాళ్ళు ‘మారియట్ దండు’ అని పేరు పెట్టారు. సాంకేతిక సాయం పేరుతో వచ్చిన సొమ్ములో చెప్పుకోదగ్గ భాగం ఆ సలహాదారుల ఫీజులుగా, ఇచ్చిన దేశంలోని కంపెనీలకే తిరిగి వెళ్ళింది. ఇది నిజం. కానీ సలహాదారులందరూ ఒక్కలాంటివారు కారు.

ఉక్రెయిన్‌లో వినిత్స్యా ప్రాంతంలో చక్కెర మిల్లు ఉన్న ఒక ఊరికి అకౌంటింగ్ శిక్షణ కోసం ఒక విదేశీ నిపుణుడు వచ్చాడు. నేను దుబాసీని. 1993లో అక్కడ ధరలు ఒక్క ఏడాదిలో 10,000 శాతానికి పైగా పెరిగిన సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. ఆ దెబ్బకు నగదు మీద నమ్మకం పోయి, ఆ దశాబ్దమంతా వ్యాపారం చాలావరకు వస్తుమార్పిడిలో నడిచింది. నిపుణుడు బోర్డు మీద గీతలు గీసి నగదు రాకపోకల పట్టిక ఎలా వేయాలో చెబుతున్నాడు. ముందు వరసలో మిల్లు ప్రధాన అకౌంటెంట్ కూర్చుంది. యాభై దాటిన మనిషి, ఇంకా చెక్క చట్రంలోని పూసలు జరుపుతూ లెక్కలు కట్టేది. ఆమె లేచి తన పద్దుల పుస్తకం తెచ్చి బల్ల మీద పరిచింది. డీజిల్‌కు చక్కెర. కరెంటుకు చక్కెర. కూలీల జీతం మనిషికి ఇన్ని బస్తాల చక్కెర. ‘నగదు లేదు. మరి ఈ పట్టికలో నేనేం రాయాలి?’ అంది. ఆ మాటను ఎలా అనువదించాలా అని నేను ఒక్క క్షణం తటపటాయించాను, ఎందుకంటే అతను చెప్పిన పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోతోంది.

ఆ నిపుణుడు మంచివాడు. మర్నాడు బోర్డు జోలికి పోలేదు. ఆమె పక్కన కుర్చీ వేసుకుని, ఒక్కో మార్పిడిలో చక్కెర బస్తాకు నిజంగా పడుతున్న ధర ఎంతో ఆమెతో కలిసి కట్టుకుంటూ వచ్చాడు. సాయంత్రానికి తేలిందేమిటంటే, మిల్లు కరెంటుకు ఇస్తున్న చక్కెర బజారు ధరలో సగానికే పోతోంది. మధ్యలో ఎవరో దళారీ ఉన్నాడు. ఆమె ముఖం ఎర్రబడింది. అన్నేళ్ళ తన పద్దుల్లో ఆ సంగతి ఒక్కసారీ బయటపడలేదు. శిక్షణ ముగిశాక వెళ్ళిన నివేదికలో ఏముందో తెలుసా? ‘40 మందికి శిక్షణ ఇవ్వడమైనది.’ ఆ సాయంత్రం గురించి ఒక్క ముక్క లేదు, ఎందుకంటే దానికి నివేదికలో గడి లేదు. తర్వాత నేనే అలాంటి నివేదికలు పరిశీలించే పనికి మారినప్పుడు, ఎంతమందికి శిక్షణ ఇచ్చారని కాక, వెళ్ళిన ఆర్నెల్లకు అక్కడ ఏం మారిందని అడగడం మొదలుపెట్టాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన ప్రాజెక్టులు తక్కువ.

భూమి సంగతి మన పాఠకులకు బాగా అర్థమవుతుంది. 1999 డిసెంబరులో అధ్యక్షుడు కుచ్మా ఉత్తర్వుతో ఉక్రెయిన్‌లోని కల్‌ఖోజులు, అంటే సామూహిక వ్యవసాయ క్షేత్రాలు, రద్దయ్యాయి. లక్షలాది గ్రామస్థులకు భూమిలో వాటాలు దక్కాయి. సగటున మనిషికి 4 హెక్టార్లు, అంటే పదెకరాలు. సర్వేలు చేయించి ఆ వాటాలను పక్కా పట్టాలుగా మార్చే పనికి అమెరికా సాయం పెద్దయెత్తున అందింది. పట్టాలిచ్చే రోజున నేనొక ఊళ్ళో ఉన్నాను. ఒక వృద్ధురాలు ఆ కాగితాన్ని గుడ్డలో చుట్టి రవికెలో దాచుకుని, నా దగ్గరికొచ్చి, ‘కంటి ఆపరేషన్ చేయించుకోవాలి, ఇందులో ఒక ముక్క అమ్ముకోవచ్చా?’ అని అడిగింది. అమ్ముకోకూడదు. 2001లో పార్లమెంటు సాగుభూముల అమ్మకంపై నిషేధం పెట్టింది. తాత్కాలికమని చెప్పి పెట్టిన ఆ నిషేధం పొడిగింపుల మీద పొడిగింపులతో 20 ఏళ్ళు సాగింది. ఈలోగా పెద్ద వ్యవసాయ కంపెనీలు ఆ పొలాలను చవగ్గా కౌలుకు తీసుకున్నాయి. కౌలు చాలాచోట్ల ధాన్యం, నూనె, చక్కెర రూపంలోనే ముట్టేది. నిషేధం ఎత్తేసే చట్టం 2020 మార్చి 31న, అంతర్జాతీయ ద్రవ్య నిధి అప్పుకు షరతు కావడంతో, ఆమోదం పొందింది. అమ్మకాలు 2021 జూలై 1న మొదలయ్యాయి. ఆ ముసలమ్మ అప్పటిదాకా బతికి ఉండే అవకాశం లేదు. విదేశీ సాయం పట్టా ఇప్పించగలిగింది. పట్టాకు విలువ ఇచ్చే చట్టం ఆ దేశపు పార్లమెంటు చేతిలో ఉంది, ఆ పార్లమెంటులో కౌలుదార్ల మాటే చెల్లింది.

రష్యా గురించి కుదించి చెబుతాను, ఎందుకంటే అక్కడి తప్పులు లోకమంతా ఎరిగినవే. పౌరులందరికీ ప్రైవేటీకరణ వోచర్లు, అంటే ప్రభుత్వ కంపెనీల్లో వాటాలు తీసుకునే చీటీలు, పంచారు. ఆకలి రోజుల్లో చాలామంది వాటిని కారుచవగ్గా అమ్మేసుకున్నారు. 1995 చివర్లో, ప్రభుత్వం కంపెనీల వాటాలు తాకట్టు పెట్టి బ్యాంకుల దగ్గర అప్పు తీసుకున్న ‘అప్పులకు వాటాలు’ పథకం కింద నోరిల్స్క్ నికెల్ అనే మహా గనుల సంస్థలో 38 శాతం వాటా సుమారు 17 కోట్ల డాలర్లకు ఒక బ్యాంకు చేతికి వెళ్ళింది. ఇది కళ్ళెదుట జరిగాక కూడా, 1996 అధ్యక్ష ఎన్నికలకు మూడు నెలల ముందు, ద్రవ్య నిధి 1,010 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. అధ్యక్షుడు యెల్త్సిన్ ఓడిపోతే కమ్యూనిస్టులు తిరిగి వస్తారన్న భయంతో చేసిన పని అది. 1998 జూలైలో మరో 2,260 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. 480 కోట్లు చేతికందాయి. ఆగస్టు 17న రష్యా రూబుల్ విలువ తగ్గించి, అప్పుల చెల్లింపు ఆపేసింది. సలహా ఇవ్వడానికి అమెరికా ప్రభుత్వ డబ్బుతో వెళ్ళిన హార్వర్డ్ విశ్వవిద్యాలయ బృందంలో కొందరు అక్కడే సొంత పెట్టుబడులు పెట్టుకున్నారని తేలి, 1997లో ఆ ప్రాజెక్టు ఆగిపోయింది. 2005లో విశ్వవిద్యాలయం 2.65 కోట్ల డాలర్లు చెల్లించి కేసు పరిష్కరించుకుంది.

మామూలు మనిషి కోణం నుంచి చూస్తే ఆ దశాబ్దం ఎలాంటిదో ఒక్క అంకె చెబుతుంది. రష్యాలో మగవారి సగటు ఆయుర్దాయం 1990లో సుమారు 64 ఏళ్ళు. 1994 నాటికి 58 లోపుకు పడిపోయింది. ప్రైవేటీకరణకు రష్యన్‌లో ‘ప్రివతిజాత్సియా’ అంటారు. జనం అందులో ఒక్క అక్షరం చేర్చి ‘ప్రిఖ్వతిజాత్సియా’ అన్నారు, అంటే లాక్కోవడం. ‘ప్రజాస్వామ్యం’ అనే మాట నా రష్యన్ మిత్రుల ఇళ్ళలో తిట్టుగా మారడం నేను స్వయంగా విన్నాను. తర్వాత గట్టి చేయి కావాలని వారు కోరుకున్నారంటే, ఈ పదేళ్ళను పక్కనపెట్టి దాన్ని అర్థం చేసుకోలేం.

అలాగని పోలండ్ గెలుపంతా సాయం ఖాతాలో వేయడం కూడా అన్యాయమే. పోలండ్‌లో సాలిడారిటీ అనే కార్మిక ఉద్యమం ఉంది, చర్చి ఉంది. కమ్యూనిస్టుల కాలంలోనూ సాగుభూమిలో దాదాపు మూడొంతులు రైతుల సొంతంగానే మిగిలింది. 1934 నాటి వాణిజ్య స్మృతి రద్దు కాకుండా ఉండడంతో, కంపెనీలు పెట్టుకోవడానికి దాన్నే దుమ్ము దులిపి వాడుకున్నారు. రష్యాలో 70 ఏళ్ళు గడిచాక, మార్కెట్ ఎలా ఉంటుందో గుర్తున్న మనిషే లేడు. పీవీ నరసింహారావు గారి 1991 సంస్కరణలతో పోల్చి కొందరు నన్ను అడుగుతుంటారు. మనకూ అప్పుడు ద్రవ్య నిధి అప్పు అవసరమైంది కానీ, మన దగ్గర కోర్టులు, బ్యాంకులు, ఎన్నికలు, లెక్కలు రాసే గుమాస్తాలు అప్పటికే ఉన్నారు. ముడులు విప్పితే సరిపోయింది. అక్కడ దారమే వడకాల్సి వచ్చింది.

పోలండ్‌లోనూ నష్టపోయినవారున్నారు. ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాలు మూతపడిన ఉత్తర, పశ్చిమ జిల్లాల్లో ఊళ్ళకు ఊళ్ళు పనిలేకుండా మిగిలాయి. వారిని పట్టించుకున్న విదేశీ ప్రాజెక్టు నాకు ఒక్కటీ తారసపడలేదు. 1993లో ఓటర్లు పాత కమ్యూనిస్టుల వారసులనే గెలిపించారు. వారు వచ్చి కూడా దారి మార్చలేదు. పోలండ్ గట్టిపడిందని నేను నమ్మింది ఆ రోజునే.

దారి మార్చకపోవడానికి అసలు కారణం యూరోపియన్ యూనియన్ సభ్యత్వం. తలుపు తెరుచుకుంటుందన్న ఆశ చేసిన పనిని ఏ గ్రాంటూ చేయలేదు. దీనికి స్పష్టమైన సాక్ష్యం స్లోవేకియా. అక్కడి ప్రధాని మెచియార్ పాలనలో ప్రతిపక్షాన్ని వేధిస్తున్నారని, 1997 డిసెంబరులో యూనియన్ ఆ దేశాన్ని మొదటి వరస చర్చల నుంచి పక్కనపెట్టింది. పక్కనున్న పోలండ్, చెక్, హంగరీ వెళ్ళిపోతుంటే తాము మిగిలిపోతామన్న బాధ స్లోవాక్ ఓటర్లను కదిలించింది. పౌర సంఘాలు, కొంత విదేశీ నిధులతో, ఊరూరా ఓటు హక్కు ప్రచారం చేశాయి. 1998 సెప్టెంబరులో 84 శాతం మంది ఓటేశారు. ప్రభుత్వం మారింది. 2004 మే 1న స్లోవేకియా మిగతా వారితో పాటే లోపలికి అడుగుపెట్టింది. రష్యాకు ఆ తలుపు ఎన్నడూ లేదు. ఉక్రెయిన్‌కు అభ్యర్థి హోదా దక్కింది 2022 జూన్‌లో, యుద్ధం మొదలయ్యాకే.

లోపలికి వచ్చేశాక ఆ పట్టు సడలుతుంది. 1989లో మొదలైన యూరోపియన్ సాయ పథకం ‘ఫార్’ పేరులోనే పోలండ్, హంగరీ ఉన్నాయి. ఆ రెండు దేశాల్లోనే తర్వాత కోర్టుల స్వతంత్రత మీద గొడవలు వచ్చి, యూనియన్ నిధులు ఆపాల్సి వచ్చింది. హంగరీకి 2022 డిసెంబరులో 630 కోట్ల యూరోలు నిలిపేశారు. పోలండ్‌లో ప్రభుత్వం మారాక, 2024 ఫిబ్రవరిలో 13,700 కోట్ల యూరోల దాకా నిధులకు దారి తెరిచారు.

ప్రస్తుతానికి వస్తే, అమెరికా సాయ సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జూలై 1న మూతపడింది. ఉక్రెయిన్‌కు యూరోపియన్ యూనియన్ 2024–27 కాలానికి ప్రకటించిన 5,000 కోట్ల యూరోలు చాలావరకు ఏ సంస్కరణ ఏ త్రైమాసికంలో జరగాలో రాసుకున్న పట్టిక ప్రకారం విడుదలవుతున్నాయి. 1990లలో రష్యాకు ఇచ్చిన తీరుకన్నా ఇది మేలు. ఆ వార్తలు చదివేటప్పుడు మొత్తం అంకె దగ్గర ఆగకుండా, అది గ్రాంటా అప్పా, ఎంత విడుదలైంది, ఏ షరతు మీద విడుదలైంది అని చూడండి.

అధ్యక్షుణ్ణి గద్దె దింపిన 2014 మైదాన్ ప్రజా ఉద్యమం తర్వాత ఉక్రెయిన్ యువకులు కొద్దిపాటి విదేశీ సాయంతో ‘ప్రోజోర్రో’ అనే ప్రభుత్వ కొనుగోళ్ళ వెబ్‌సైటు కట్టారు. 2016 ఆగస్టు నుంచి ప్రభుత్వ కార్యాలయాలన్నిటికీ అది తప్పనిసరి అయింది. ఎవరు ఎంతకు బిడ్ వేశారో ఎవరైనా చూడవచ్చు. చక్కెర మిల్లు ఉన్న ఆ ఊరి పేరు నేను అందులో అప్పుడప్పుడు వెతుకుతుంటాను. ఈమధ్య చూసినప్పుడు అక్కడి బడి పైకప్పు మరమ్మతుకు ముగ్గురు పోటీపడ్డారు. ముగ్గురి ధరలూ, రేకుల లెక్కతో సహా, పక్కపక్కనే ఉన్నాయి.